పొత్తు కుడుపు

తెలుగులో 'పొత్తు' అను మాట చాల పాతది. స్నేహమునకు, కూటమికి, భాగస్వామ్యమునకు ఆ మాటనే వాడుదుము. పలువురు కలసి భుజించుటను 'పొత్తు కుడుచుట' అని పూర్వులు చెప్పుచుండిరి. కలసి తినుటకును కలసిమెలసి యుండుటకును మన భాషలో ఒకటే మాట చాలెను.

ఈ ముచ్చట యిప్పుడేల యన, పెద్ద కంపెనీలలో నేడొక క్రొత్త వాడుక బయలుదేరినది. నగరములలోని కార్యాలయములవారు తమ ఉద్యోగులను ఒక వంటశాలకు తోడ్కొనిపోయి, అయిదారుగురు చొప్పున జట్లుగా విభజించి, వంట నేర్పించుచున్నారు. ఒకరు కూరలు తరుగవలెను, ఒకరు పొయ్యి చూడవలెను, ఒకరు గడియారము చూడవలెను. చెప్పిన వేళకు వంటకము సిద్ధము కావలెను. పిమ్మట అందరును కూర్చుండి తినవలెను. దీనికి 'టీమ్ బిల్డింగ్' అని పేరు. ఒకే గదిలో పనిచేయుచు ఒకరి పేరు ఒకరికి సరిగా తెలియని వారిని ఒక జట్టుగా చేయుట దీని ఉద్దేశము.

పెండ్లి పందిళ్లలో గుండిగలు దింపుట చూచి పెరిగిన మనకు ఇది విని నవ్వు వచ్చుట సహజమే. కాని నవ్వి ఊరకుండుట తగదు. కలసి వండినంత మాత్రమున మనుష్యులు కలియుదురా? ఎప్పుడు కలియుదురు? ఎప్పుడు విడిపోవుదురు? మనము కాపురముండు వేలూరు, గుడియాత్తం ప్రాంతముల చరిత్రలో ఈ ప్రశ్నకు చక్కని జవాబులు కలవు.

ఈ సీమలో తెలుగు నిన్న మొన్నటిది కాదు. విజయనగర ప్రభువుల క్రింది నాయకులు వేలూరు కోటను కట్టించిరి. 1911లో చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడువరకు చిత్తూరును వేలూరును ఉత్తర ఆర్కాటు అను ఒక్క జిల్లాలోనే యుండెను. తరతరాలుగా ఇచ్చట నున్నవారు కొందరు, ఉద్యోగములకు, చదువులకు, వైద్యమునకు వచ్చి నిలిచిపోయినవారు కొందరు. అందరును కలసి నేటి మన తెలుగు కుటుంబములు.

గుడియాత్తం సంగతి చూడుడు. పలమనేరు వైపునుండి దిగివచ్చు కౌండిన్య నది ఈ ఊరి నడుమ పారి పాలారును చేరును. ఏటేట వైకాసి మాసపు తొలి దినమున, అనగా మే నెల నడుమ, ఆ నది యొడ్డున గంగమ్మ శిరస్సు ఉత్సవము జరుగును. తిరుపతిలోను కుప్పములోను గంగ జాతరలు జరుగుటయు ఆ వేసవిలోనే. ఎల్లలు మారినను తల్లి మారలేదు.

అమ్మవారి పేర అంబలి పోయు ఆచారము ఈ ప్రాంతపు పల్లెలలో నేటికిని కలదు. ఆడి మాసములో ఇది మరింత విరివిగా జరుగును. ఇంటింటినుండి రాగులో, పిండియో, నూకలో, రొక్కమో పోగుచేయుదురు. రాగిపిండిని ముందునాడే కలిపి పులియబెట్టుదురు. పెద్ద గుండిగలలో నూకలు ఉడికించి, పులిసిన పిండిని అందులో పోసి, అడుగంటకుండ త్రిప్పుచుందురు. ఇది ఒక్క చేతితో అగు పని కాదు. ఒకరి చేయి నొచ్చిన మరొకరు తెడ్డు అందుకొనవలెను. చల్లారిన తరువాత మజ్జిగయు ఉల్లిపాయలును చేర్చి, వచ్చినవారికెల్ల పోయుదురు. ఇచ్చినవారికి ఇంత, ఈయనివారికి ఇంత అను లెక్క ఉండదు. జట్టుగా వండుట యన్న ఇదియే కదా!

అయితే చరిత్రలో మరియొక పుట కూడ కలదు. 1806 జులై 10వ తేదీన వేలూరు కోటలో సిపాయీలు తిరుగబడిరి. అంతకు ముందు సంవత్సరము మద్రాసు సైన్యాధికారులు కొన్ని క్రొత్త ఆజ్ఞలు చేసియుండిరి. కవాతునందు నొసట బొట్టు ఉండరాదు, గడ్డము తీసివేయవలెను, తోలు తురాయి గల క్రొత్త తలపాగా ధరింపవలెను అని వాటి సారము. అందరిని ఒక్కతీరుగా కనిపింపజేయుట అధికారుల కోరిక. ఆ సిపాయీలకు నేటి సైన్యములలోవలె ఉమ్మడి భోజనశాల లేదు; ఎవరి పొయ్యి వారిది, ఎవరి ఆచారము వారిది. పైనుండి వచ్చిన ఆజ్ఞ వారిని ఒక జట్టుగా చేయుటకు మారుగా, ఆ ఆజ్ఞ యిచ్చినవారిపైననే వారిని ఏకము చేసెను. మనసు కలుపక వేషము కలిపిన ఫలమిది. ఉద్యోగులకు ఒకే రంగు చొక్కాలు తొడిగించి వంటకు నిలబెట్టు యజమానులు ఈ కథను ఒకసారి చదువుట మంచిది.

పంక్తి విడదీసిన కథయు కలదు. తిరునెల్వేలి జిల్లాలోని చేరన్మహాదేవిలో వి.వి.యస్. అయ్యరుగారు దేశభక్తితో ఒక గురుకులము నడుపుచుండిరి. అందులో బ్రాహ్మణ బాలురకు వేరుగా భోజనము పెట్టుచున్నారన్న విషయము 1924-25 సంవత్సరములలో పెద్ద వివాదమయ్యెను. డాక్టరు పి. వరదరాజులు నాయుడుగారును, ఇ.వి. రామస్వామిగారును దానిని గట్టిగా ఖండించిరి. తమిళనాట కాంగ్రెసునందు ఏర్పడిన చీలికకు అది యొక ముఖ్య కారణము. బడి ఒకటే, పాఠము ఒకటే. కాని విస్తరి వేరైనది. అంతటితో పొత్తు చెదరిపోయెను.

దీనికి విరుగుడు బడిలోనే దొరికినది. దేవాంగ తెలుగు కుటుంబమున పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు చెన్నపట్నపు కార్పొరేషను అధ్యక్షులుగా నున్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్ పేటలోని ఒక పాఠశాలలో బాలురకు భోజనము పెట్టించు పని మొదలయ్యెను. 1954లో ముఖ్యమంత్రియైన కామరాజుగారు శాసనసభకు ఎన్నికైనది మన గుడియాత్తం ఉపఎన్నికలోనే. వారి ప్రభుత్వము 1956లో మధ్యాహ్న భోజనమును రాష్ట్రమంతట విస్తరింపజేయ పూనుకొనెను. ఆ తొలినాళ్లలో ఊరివారి విరాళములు కూడ తోడ్పడెను. 1982లో ఎం.జి. రామచంద్రన్‌గారు దానిని పౌష్టికాహార పథకముగా పెంచిరి. 2022లో ఉదయపు ఫలహారమును చేరినది. ఆకలి తీర్చుట దీని మొదటి ఫలము. వేరువేరు ఇండ్ల పిల్లలు ఒకే గుండిగలోని అన్నము ఒకే వరుసలో తినుట రెండవ ఫలము.

వేలూరు నడిబొడ్డున మరియొక ఉమ్మడి వంట నిత్యము జరుగుచున్నది. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క మంచముతో ప్రారంభించిన వైద్యాలయము నేడు దేశమంతట పేరుగాంచినది. రాయలసీమనుండి, నెల్లూరునుండి, దూరపు వంగదేశమునుండి రోగులు వత్తురు. చుట్టునున్న వీధులలో, రోగుల బంధువులు తామే వండుకొనుటకు వీలైన గదులు అద్దెకు దొరకును. రోగికి పథ్యము వండుచు, ప్రక్కగదివారికి ఇంత చారు పోసి, వారి పప్పు ఇంత పుచ్చుకొని, భాష తెలియకయే చుట్టములైనవారు అనేకులు. ఈ జట్టును ఏ కంపెనీ కట్టలేదు, కష్టము కట్టినది.

శాస్త్రజ్ఞులును ఇట్టిదే చెప్పుచున్నారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక మహానగరములోని అగ్నిమాపక దళములను పరిశీలించి, కలసి భోజనము చేయు దళములు పనిలోను మెరుగుగా నున్నవని 2015లో ప్రకటించిరి. ఆ దళములవారు చందాలు వేసికొని, తమ ఠాణాలోనే వండుకొని తిందురు. అది ఏడాదికొక పూట జరుగు వేడుక కాదు, నిత్యకృత్యము. కంపెనీల వంట తరగతులకున్న లోపము ఇచ్చటనే కనబడుచున్నది. ఒక్క సాయంకాలము కలసి వండి, మరునాడు పై అధికారి తన గదిలోను గుమాస్తా తన మూలలోను వేరువేరుగా తిన్నచో, ఆ పొత్తు ఎన్నాళ్లు నిలుచును?

ఇక మన మాట చెప్పుకొందము. మన సంఘముల ఉగాది విందులకు నేడు కాంట్రాక్టు వంటవారే దిక్కైరి. అందరికిని ఉద్యోగములున్నవి, తీరిక తక్కువ. వారిని తప్పుపట్టుటకు లేదు. కాని పోవుచున్నదేమో గుర్తింపవలెను. 2006 నాటి చట్టముతో ఈ రాష్ట్రపు బడులలో తమిళము తప్పనిసరి పాఠమైనది. ఉన్నచోటి భాష నేర్చుట మన బిడ్డలకు మేలే. కాని బడిలో తెలుగునకు చోటు తగ్గినకొలది ఇల్లే బడి కావలెను. ఇంటిలో వంటిల్లే మొదటి తరగతి. ఎసరు, గంజి, వార్చుట, జల్లించుట, చెరుగుట మున్నగు మాటలు పుస్తకము చదివి నిలుచునవి కావు. చేయి తడిసిననే నిలుచును. ఒకరు పోపు అందురు, ఒకరు తాళింపు అందురు, ఒకరు తిరగమాత అందురు. ఏది సరియని వాదించుకొనుచుండగనే పిల్లలకు మూడు సీమల తెలుగు వచ్చును.

కావున విందంతయు కాకున్నను, ఉగాది పచ్చడి నొక్కదానినైన మనము కలసి చేయుదము. వేపపువ్వు దులుపుట చిన్నపిల్లల వంతు, మామిడికాయ తరుగుట కుర్రవారి వంతు, చింతపండు పిసుకుట పురుషుల వంతు, రుచి చూచి ఒప్పుకొనుట పెద్దల వంతు. పొరుగు తమిళ కుటుంబములను కూడ పిలుతము. చిత్తిరై సంవత్సరాదికి వారును వేపపువ్వు, బెల్లము, మామిడికాయలతో పచ్చడి చేయుదురు గదా. వారి పాలు వారు చూపుదురు. వండినవారును తిన్నవారును ఒకే వరుసలో కూర్చుండవలెను. ఎవరి విస్తరియు వేరు కారాదు.

చేదును తీపియు కలిపి మ్రింగుట ఒంటరివానికి కష్టము. పదిమందిలో అది పండుగ. చదువరులందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.