‘గృహిణి’ అన్న మాట వెనక: లేసు అల్లిక చెప్పే చరిత్ర

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే నరసాపురం. ఆ ఊరి పేరుతో పేరుపొందిన లేసును మన రాజోలు వైపు పల్లెల్లోనూ అల్లుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు ఈ పని నేర్పారు. పోను పోను అది విదేశాలకు వెళ్లే సరుకయింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మరి అల్లిన చేతుల మాటేమిటి? 1978-79లో మరియా మీస్ అనే జర్మనీ సమాజశాస్త్రవేత్త ఆ ఊళ్లలో తిరిగి, అల్లేవాళ్లతో మాట్లాడి, 1982లో ఒక పుస్తకం వెలువరించారు. ఆమె చూసింది ఇదీ: ఆడవాళ్లు ఇంటిపని చేసుకుంటూనే గంటల తరబడి లేసు అల్లుతున్నారు. ఏజెంటు దారం ఇచ్చి, అల్లినదాన్ని బట్టి కూలి కడతాడు. ఆ కూలి పొలం పనికి వెళ్లే ఆడవాళ్ల కూలి కన్నా తక్కువ. అయినా ఇల్లు దాటకుండా ఉండటమే గౌరవం అనుకున్నారు. వ్యాపారం పెరిగేకొద్దీ లాభం మగవాళ్ల చేతికి వెళ్లింది. జనాభా లెక్కల్లో మాత్రం వాళ్లలో చాలామంది పనివాళ్లు కారు, ‘ఇంట్లో ఉండేవాళ్లు’. ఖాళీ సమయంలో చేసేదే కదా అన్న మాటతో కూలి తక్కువగానే ఉండిపోయింది.

ఇలాంటి సంగతుల్ని పట్టి చూసేదే సమాజశాస్త్రం. అందులో రెండు మాటలు మనకి పనికొస్తాయి. ఒకటి స్థానం, రెండోది పాత్ర. ‘కోడలు’ అనేది స్థానం. కోడలు అందరికన్నా ముందు లేవాలి, చివర తినాలి అని నలుగురూ అనుకునేది పాత్ర. పాత్ర పుట్టుకతో రాదండీ, చిన్నప్పటి నుంచి చూసి నేర్చుకుంటాం. నేర్చుకున్నది కాబట్టి మార్చుకోనూ వచ్చు.

మార్చుకున్నాం కూడా. 1982లో డ్వాక్రా పథకం మొదలైంది, 2000లో వెలుగు వచ్చింది. సంఘం లీడరు, గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు, పుస్తకాలు రాసే అమ్మాయి: ఇవన్నీ మనకి కొత్త పాత్రలు. కాకపోతే పాతవి తగ్గలేదు. నాలుగింటికి మీటింగు, ఐదింటికి పాలు పితకాలి, ఏడింటికి వంట. రెండు పాత్రలు ఒకే గంటని అడిగితే నలిగేది మనిషే. అది ఆ మనిషి చేతకానితనం కాదు. ఇంట్లో పని పంచుకోకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది. ఈ తేడా తెలిస్తే మీటింగుకి ఆలస్యంగా వచ్చిన సభ్యురాలికి జరిమానా వేసే ముందు కారణం అడుగుతాం.

ఇక రుణం కాగితాల్లో ‘వృత్తి’ అన్న గడి ఉంటుంది. అక్కడ ‘గృహిణి’ అని రాసేసి సంతకం పెట్టేవాళ్లం చాలామందిమి. లేసు అల్లే అక్క, కొబ్బరి పీచుతో తాళ్లు పేనే వదిన, గేదెల్ని మేపే పిన్ని, అందరూ గృహిణులే అయితే సంపాదించేది ఎవరు? చేసే పని కాగితం మీద లేకపోతే ఆ పనికి పెట్టుబడి అడగడం కష్టం, కూలి పెంచమనడం ఇంకా కష్టం.

కాబట్టి ఈ ఏడాది సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడు ప్రతి సంఘమూ ఒక పని చేయాలి. ఒక్కో సభ్యురాలు ఏ పని చేస్తుంది, రోజుకి ఎన్ని గంటలు చేస్తుంది, ఎంత వస్తుంది అని అడిగి పుస్తకంలో రాయాలి. జనాభా లెక్కల వాళ్లు గుమ్మంలోకి వచ్చినప్పుడూ ఆ మాటే చెప్పాలి. ఇంట్లో మగవాళ్లు చెప్పేదాకా ఆగొద్దు, మన పని మనమే చెప్పుకుందాం.