తరుగు ఎవరి ఖాతాలో? నెల్లూరు తీరంలో కట్టెల చరిత్ర

నెల్లూరు చరిత్ర అనగానే తిక్కన, పెన్నా, వరి, మైకా గుర్తొస్తాయి. ఆ వరిని ఉడికించిన కట్టెను ఎవరూ చరిత్రగా లెక్కించలేదు. కట్టె కొట్టినవారు, మోపు కట్టినవారు, వానలో తడవకుండా కాపాడినవారు ఎక్కువగా మన యానాదులే. అందుకే ఆ చరిత్రను మనమే రాసుకోవాలి. ఇది వంటింటి సంగతి మాత్రమే కాదు. కట్టెలో ఉన్న నీటికి డబ్బు ఎవరికి వచ్చింది, ఆ నీరు ఆరిపోతే నష్టం ఎవరికి పడింది అన్నది మన కూలి చరిత్రలో పెద్ద ప్రశ్న.

దిన్నె మీద పొయ్యి

బిట్రగుంటకు తూర్పున, సముద్రపు ఒడ్డున, బోగోలు మండలంలో ఉన్న ఊరు జువ్వలదిన్నె. ఇటీవల అక్కడ చేపల రేవు కట్టడంతో ఆ పేరు పత్రికల్లోకి వచ్చింది. పేరును విడదీస్తే జువ్వి ఒక చెట్టు, దిన్నె అంటే చుట్టుపక్కల కంటే ఎత్తుగా ఉన్న నేల. మన తీరంలో దిన్నె, తిప్ప, మిట్ట అనే మాటలతో ముగిసే ఊళ్లు చాలా ఉన్నాయి. నీళ్లు నిలవని చోటే మనిషి గుడిసె వేసుకున్నాడు, పొయ్యి పెట్టుకున్నాడు. కట్టెలు పేర్చుకున్నదీ అక్కడే.

నెల్లూరు తీరంలో వాన లెక్క వేరు. తెలంగాణలో, గోదావరి జిల్లాల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానకాలమైతే, మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపానులూ ఆ నెలల్లోనే ఎక్కువ. కాబట్టి ఎండాకాలంలో ఏరిన కట్టె కార్తీక మాసం దాటేదాకా ఎండుగా ఉండాలి. అందులోనూ సముద్రపు గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. వాన పడకపోయినా కట్టె ఆ చెమ్మను పీలుస్తుంది.

దీనికి తీరంలో వాడుకలో ఉన్న పద్ధతులు తేలికగా కనిపిస్తాయి కానీ వాటి వెనుక లెక్క ఉంది. కట్టెను నేలకు ఆనించరు. కింద రెండు అడ్డ దుంగలో రాళ్లో వేసి వాటి మీద పేరుస్తారు. నేల చెమ్మ పైకి రాదు, కింద నుంచి గాలి ఆడుతుంది. లావు మొద్దును చీలుస్తారు. బెరడు నీటిని లోపలే ఆపుతుంది, చీలిస్తే ఆ నీటికి దారి దొరుకుతుంది. పైన తాటాకు కప్పుతారు కానీ పక్కలు మూయరు. నాలుగు వైపులా మూస్తే లోపలి తేమ బయటికి పోక బూజు పడుతుంది. చితుకులు, ఎండు ఆకు మాత్రం చూరు కింద, పొయ్యి సెగ తగిలే చోట ఉంచుతారు. వానరోజున ముందు అంటుకోవలసింది అవే.

1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటాల్లో, యానాదులు రెండు పుల్లలను మథించి నిప్పు పుట్టించే విధానం నమోదైంది. చదివినవారికి అది వింతగా తోచి ఉంటుంది. కానీ తడి పుల్లను ఎంత మథించినా నిప్పు రాదు. నిప్పు పుట్టించడం తెలిసినవారికి పుల్లను ఎండుగా ఉంచడం అంతకుముందే తెలిసి ఉండాలి. ఆ రెండో విద్యకు పుస్తకాల్లో చోటు దొరకలేదు.

శ్రీహరికోట నుంచి చెన్నపట్నానికి

పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవి యానాదులకు పాత నివాసం. కుంపెనీ కాలంలో, ఆ తర్వాత దొరల ప్రభుత్వంలో, ఆ అడవి చెన్నపట్నానికి పొయ్యి అయింది. మన వాళ్లు చిరివేరు, తేనె, మూలికలు, కట్టెలు తెచ్చి ఇస్తే, అడవి సరుకుకు బదులుగా ప్రభుత్వం బియ్యమూ కొద్దిపాటి డబ్బూ ఇచ్చేది. అడవిని తెలిసినవాడు యానాది, ధర తెలిసినవాడు మరొకడు. ఈ పంపకం అప్పటినుంచే ఉంది.

కట్టెలు పట్నం చేరింది కాలువ మీద. 1806లో మద్రాసుకు ఉత్తరాన మొదలైన కాలువను అంచెలంచెలుగా పొడిగించారు. 1876–78 కరువులో కూలి పని కింద పెద్ద ఎత్తున తవ్వించి, 1878లో అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరు పెట్టారు. ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన తమిళనాడులోకి సాగే ఈ కాలువ పొడవు సుమారు 420 కిలోమీటర్లు. మన తీరం వెంట సముద్రానికి సమాంతరంగా పారే ఉప్పు కాలువ ఇదే. కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల్లో దక్షిణానికి వెళ్లేవి.

అదే కాలంలో అడవి చేతులు మారింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు వచ్చాయి. అంతవరకు ఏరుకున్న ఎండు కట్టెకు అనుమతి కావలసి వచ్చింది, అనుమతి లేకపోతే అది నేరమైంది. కూలికి కొట్టిన కట్టె పట్నానికి సరుకైంది. సొంత పొయ్యికి ఏరిన కట్టె మాత్రం తప్పయింది.

శ్రీహరికోట కథ అక్కడితో ఆగలేదు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు, 1971 అక్టోబరులో మొదటి ప్రయోగం జరిగింది. యానాది కుటుంబాలు ఊళ్లు వదలవలసి వచ్చింది. ఇప్పుడు అక్కడ రాకెట్ ఇంధనానికి గాలిలోని చెమ్మ తగలకుండా ఎంతో జాగ్రత్త తీసుకుంటారు. ఇంధనాన్ని పొడిగా కాపాడే పని ఆ దీవికి కొత్తది కాదని మన పిల్లలు తెలుసుకోవాలి.

సరుగుడు, చిల్లకంప

1856లో మద్రాసులోని రాయపురం నుంచి దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. తొలినాళ్ల ఇంజన్లకు బొగ్గు అందక కట్టెలు కాల్చేవారు. సహజమైన అడవి ఆ ఆకలికి చాలదని తేలాక, 19వ శతాబ్దం రెండో సగంలో తీరపు ఇసుకలో సరుగుడు తోటలు పెంచారు. నెల్లూరు తీరం ఈ తోటలకు బాగా సరిపోయింది. సరుగుడు త్వరగా ఎదుగుతుంది, ఇసుకలో నిలుస్తుంది, బాగా మండుతుంది.

రెండో చెట్టు చిల్లకంప, దాన్నే సర్కారు తుమ్మ అంటాం. ఆ విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటించారు. బంజరులో, కాలువ గట్టున, చవిటి నేలలో అది తనంతట తానే పాకింది. ముళ్లతో చేతులు చీరుకుపోయినా, అడగకుండా దొరికే కట్టె గనుక పేదల పొయ్యికి అదే దిక్కయింది. ఒకటి తోట యజమాని చెట్టు, ఒకటి ఎవరిదీ కాని చెట్టు. మన ఆడవాళ్లు మోపు కట్టి తెచ్చిన కట్టెలో రెండోదే ఎక్కువ.

1899 నాటికి విజయవాడ, మద్రాసుల మధ్య రైలు దారి పూర్తయింది. కట్టె పడవ దిగి రైలెక్కింది, తర్వాత లారీ ఎక్కింది. సరుగుడు ఇప్పుడు పొయ్యి కంటే కాగితం మిల్లులకు ఎక్కువగా పోతోంది. ప్రయాణం మారింది కానీ నరికే చెయ్యి మారలేదు.

బరువు తగ్గితే ఎవరికి నష్టం?

ఇక అసలు సంగతికి వద్దాం. కట్టె తూకం సరుకు. పూర్వం మణుగులు, బారువలు. 20 మణుగులు ఒక బారువ. ఇప్పుడు క్వింటాళ్లు, టన్నులు. నరికే కూలి కూడా చాలాచోట్ల టన్ను లెక్కనే.

అప్పుడే నరికిన పచ్చి కట్టెలో దాదాపు సగం బరువు నీరే ఉండవచ్చు. ఒక లెక్క చూడండి. 1000 కిలోల పచ్చి కట్టెలో 500 కిలోలు నీరు అనుకుందాం. మిగిలిన 500 కిలోలే అసలు కర్ర. ఆ కట్టె బాగా ఎండి, నూటికి 20 పాళ్లు మాత్రమే తేమ మిగిలితే దాని బరువు 625 కిలోలు. అంటే కట్టెముక్క ఒక్కటి కూడా పోకుండానే 375 కిలోలు తగ్గింది. గొడ్డలి వేసిన దెబ్బల్లో ఒక్కటి కూడా తగ్గలేదు.

నరికిన రోజే తూకం వేస్తే కూలివాడికి 1000 కిలోల కూలి వస్తుంది. లారీ రావడం ఆలస్యమై కట్ట తోటలోనే ఎండిపోతే, తూకం తగ్గి కూలీ తగ్గుతుంది. ఆలస్యం లారీది, నష్టం గొడ్డలిది. ఈలోగా వాన పడితే కట్టె తడిసిందని తరుగు తీస్తారు. ఎండినా కోత, తడిసినా కోత. అడితి యజమానికీ కట్టె ఎండితే బరువు తగ్గుతుంది, నిజమే. కానీ ఎండు కట్టెకు ధర పెంచి అతను ఆ తరుగును పూడ్చుకోగలడు. కూలివాడికి పెంచుకునే ధర లేదు.

దీనికి అడ్వాన్సు తోడైతే ముడి బిగుసుకుంటుంది. ముందుగా తీసుకున్న డబ్బు తూకం లెక్కలో తీరాలి, తూకమేమో మన చేతిలో ఉండదు. బాకీ తీరేదాకా వేరే పనికి పోకూడదంటే దాని పేరు వెట్టి. 1976లో వచ్చిన వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం అలాంటి బాకీ చెల్లదు, దాని కోసం మనిషిని ఆపడం నేరం. కలెక్టరుకు, ఆయన కింది రెవెన్యూ అధికారులకు విడిపించే అధికారం ఉంది. కట్టె నరికే యానాది, ఇరుల కుటుంబాల్లో ఈ చట్టం అక్షరం అక్షరం తెలిసి ఉండవలసిన చట్టం.

కట్టె ఉన్నా పొయ్యి వెలగని రోజులు

1989 నవంబరులో గే అనే తుపాను థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి భూభాగం దాటి, బంగాళాఖాతంలో మళ్లీ బలపడి కావలి దగ్గర తీరం తాకింది. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలి. జువ్వలదిన్నె లాంటి ఊళ్లు దానికి ఎదురుగా ఉన్నాయి.

ఇలాంటి తుపాను తర్వాత కూలిన చెట్లకు కొదవ ఉండదు. కాలే కట్టె మాత్రం దొరకదు. తడి కట్టె ముందు తనలోని నీటిని ఆవిరి చేసుకోవాలి. ఒక కిలో మరిగే నీరు ఆవిరి కావడానికే సుమారు 540 కిలో కేలరీల వేడి పోతుంది. మిగిలింది పొగ. ఆ పొగ తల్లుల కళ్లలోకి, పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం గ్యాసు పొయ్యిలను పేద ఇళ్లకు తెచ్చాయి. అది మేలే. కానీ సిలిండరు నింపించే డబ్బు లేని నెలలో పాత పొయ్యే గతి. కాబట్టి తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు బియ్యం, అగ్గిపెట్టెతో పాటు రెండు రోజులకు సరిపడా ఎండు కట్టెను కూడా ఎత్తు మీదికి చేర్చుకోవడం మంచిది.

గుళికల కాలం

ఇప్పుడు కట్టె కొత్త రూపంలో వస్తోంది. రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు, పంట వ్యర్థాలను మెత్తగా పొడి చేసి, గట్టిగా ఒత్తి, చిటికెన వేలంత కూడా లావు లేని గుళికలుగా తయారు చేస్తున్నారు. వీటినే పెల్లెట్లు అంటున్నారు. చలి దేశాల్లో ఇళ్లు వెచ్చబరచడానికి వీటిని కాలుస్తారు. మన దేశంలో 2021లో కేంద్ర విద్యుత్ శాఖ, బొగ్గు విద్యుత్ కేంద్రాలు బొగ్గులో 5 శాతం ఇలాంటి గుళికలు కలపాలని విధానం తెచ్చింది. వీటిని చేసే చోట, నిల్వ చేసే గోదాముల్లో రేపు మన పిల్లలు కూడా పనికి చేరవచ్చు.

గుళిక గుణం కట్టె గుణం కాదు. కట్టె తడిస్తే మళ్లీ ఎండుతుంది. గుళిక తడిస్తే ఉబ్బి, విరిగి, మళ్లీ పొట్టు అవుతుంది, ఇక గుళిక కాదు. యూరప్ ప్రమాణాల ప్రకారం దానిలో తేమ 10 శాతం మించకూడదు. కాబట్టి సంచులను నేల మీద కాకుండా చెక్క బల్లల మీద పెట్టాలి. గోడకు ఆనించకూడదు. కప్పు కారకూడదు. అడ్డ దుంగల మీద కట్టె పేర్చిన మన పెద్దలకు ఇందులో చాలా భాగం తెలిసిన పాఠమే.

తెలియని పాఠం ఒకటి ఉంది. మూసి ఉంచిన చోట గుళికల కుప్ప నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో, గుళికలు తెచ్చిన ఓడలో సరుకు గది పక్కనున్న మెట్ల దారిలోకి దిగి ఒకరు చనిపోయారు. తడి రాకుండా మూయాలి, మనిషి దిగే ముందు గాలి ఆడించాలి, వాయువును కొలవాలి. ‘లోపలికి దిగు’ అని చెప్పినవారిని ‘గాలి కొలిచారా?’ అని అడగడం పనివాడి హక్కు.

బడిలో చేయదగిన పని

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ చరిత్రను బడిలో తూకంతో చెప్పవచ్చు. ఒక పచ్చి కట్టెముక్కను తెచ్చి తూచండి. వారానికొకసారి అదే ముక్కను మళ్లీ తూచి, బరువు గోడ మీద రాయించండి. ఒక ముక్కను నేల మీద, ఒకదాన్ని రాళ్ల మీద పెట్టి తేడా చూపించండి. శాతాల లెక్క పిల్లలకు పుస్తకంలో కంటే అక్కడ బాగా అర్థమవుతుంది. తర్వాత అదే లెక్కతో ఒక టన్ను కూలి ఎంత తగ్గుతుందో వేయించండి.

యువకులకు మరో మనవి. కట్టె నరికిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఏ తోటలో, ఏ ఏట, ఏ తూకానికి, ఎంత కూలికి పని చేశారో అడిగి రాసుకోండి. ఇళ్లలో పాత తూకం చీటీలుంటే పారేయకండి. ఇక మీదట తూకానికి కట్టె నరికే ఒప్పందం చేసుకుంటే మూడు మాటలు ముందే తేల్చుకోండి: తూకం ఏ రోజు వేస్తారు, లారీ ఆలస్యమైతే తరుగు ఎవరిది, వానకు తడిస్తే తరుగు ఎవరిది. ఆ మూడింటికీ జవాబు కాగితం మీద ఉండాలి. ఇన్నాళ్లూ తరుగంతా మన ఖాతాలో పడింది, ఎందుకంటే లెక్క మన చేతిలో లేదు. కట్టెను పొడిగా ఉంచడం మన పెద్దలు నేర్పారు. లెక్కను మన చేతిలో ఉంచుకోవడం ఈ తరం నేర్చుకోవాలి.