ఇసాంపూర్ రాళ్లు

ఆదివారాల్లో సైకిళ్లేసుకుని హష్మత్‌పేట రాకాసి గుళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లం, గుర్తుందా? అవి ఇనుప యుగపు సమాధులని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. వాటికంటే లక్షల ఏళ్లు పాతవైన రాళ్ల మధ్య జీవితం గడిపిన తెలుగువారు కాట్రగడ్డ పద్దయ్య.

పుణె దక్కన్ కాలేజీ పరిశోధకుడిగా ఆయన 1960లలో షోరాపూర్ ప్రాంతానికి వెళ్లారు. కృష్ణా, భీమా నదుల నడుమ ఉన్న ఆ నేల 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. నదుల కంకరలో కొట్టుకొచ్చిన పనిముట్లు ఏరి, రకాలుగా పేర్చడమే అప్పట్లో ఎక్కువ. ఆయన అడిగింది వేరు: ఆ మనుషులు ఎక్కడ కూర్చున్నారు? నీళ్లెక్కడివి? రాయెక్కడిది? అందుకోసం హుణసగి, బైచబాళ లోయల్లో దశాబ్దాలు తిరిగారు.

1990ల చివర ఇసాంపూర్‌లో తవ్వితే ఏకంగా కార్ఖానాయే బయటపడింది. సున్నపురాయి పలకలు, సుత్తిరాళ్లు, సగంలో వదిలేసిన చేతిగొడ్డళ్లు, రాలిన పెచ్చులు, అన్నీ కొట్టిన చోటే. అక్కడి జంతువుల పళ్లను పరీక్షిస్తే వయసు సుమారు 12 లక్షల ఏళ్లని తేలింది. తగిన మందమున్న పలకల్నే ఎంచుకున్నారట. సైట్‌లో మెటీరియల్ చూసేవాడిగా నాకు భలే ముచ్చటేసింది. 2012లో పద్మశ్రీ వచ్చింది.

కాలువలు, పొలాల చదునుతో ఆ లోయల్లో చాలా చోట్లు చెదిరిపోయాయి. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలువ పనుల్లోనే ఉన్నాను. ఓసారి మేస్త్రీ ఒక రాయి తెచ్చి, "సార్, ఎవరో చెక్కినట్టుంది" అన్నాడు. బిల్లు తొందరలో ఉన్నాను. కంకరలో వేసెయ్యమన్నాను.