రామదాసు చరిత్ర: ఎవరి సొమ్ము?

ప్రసిద్ధ గాయకుల జీవిత చరిత్రలు చదివేవారు ఒక సంగతి గమనించే ఉంటారు. పాట ఎంత గొప్పదో, గాయకుని చుట్టూ అల్లిన మహిమ అంత దట్టం. రాక్ సంగీతానికి పూర్వీకుడనదగిన అమెరికా నల్లజాతి గాయకుడు రాబర్ట్ జాన్సన్ (1911–1938) నాలుగుదారుల కూడలిలో సైతానుకు ఆత్మనమ్మి గిటారు నేర్చాడని కథ. మిసిసిపి పత్తిచేలలో అతని జాతిజనం పడిన పాట్లు ఆ కథలో కనబడవు.

మన నేలకొండపల్లి వాగ్గేయకారుడు కంచర్ల గోపన్నకూ జరిగింది ఇదే. తానీషా ఏలుబడిలో (1672–1687) ఆయన పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. హరికథలు మొదలు 1964 నాటి నాగయ్య చిత్రం, 2006 నాటి చిత్రం వరకు చెప్పేది ఒక్కటే: పన్నెండేళ్ల చెర తరువాత రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు చెల్లించారని. అప్పు ఎవరు తీర్చారన్నదే కథ. ఆ డబ్బు మొదట ఎవరిదన్న ప్రశ్న లేదు.

అది రైతుది. గోల్కొండలో శిస్తు వసూలు ఎక్కువగా ఇజారా పద్ధతిన సాగేది. పై అధికారి కింది అధికారిని పిండితే, అతడు రైతును పిండేవాడు. బాకీపడిన మచిలీపట్నం అధికారిని బెత్తాలతో చావబాదారని ఇంగ్లీషు వర్తకుడు మెథోల్డు రాశాడు. అది తానీషాకు అర్ధశతాబ్దం ముందటి మాట. కనుక గోపన్న తిన్న దెబ్బలను తురక రాజు హిందూ భక్తునిపై చేసిన దౌర్జన్యంగా చిత్రించడం చరిత్ర కాదు. ఆ రాజ్యానికి మంత్రి మాదన్న. గోపన్నకు మేనమామ అని కూడా ప్రతీతి. ఇది ఖజానా న్యాయం. దానికి మతం లేదు.

ఈ నిజం జీవిత చరిత్రల కంటే కీర్తనలలోనే ఎక్కువగా ఉంది. ఒక కీర్తనలో ఆయన భరతుని పచ్చల పతకానికి, సీతమ్మ చింతాకు పతకానికి ఎన్ని వరహాలు పట్టాయో లెక్క చెబుతాడు. ఇదంతా మీ తండ్రి పెట్టాడా, మామ పంపాడా అని దేవుణ్ణే నిలదీస్తాడు. దెబ్బలకు తాళలేక తిట్టానని ఒప్పుకుంటాడు. ఇది మహిమాన్వితుని గొంతు కాదు. లెక్క అప్పజెప్పలేక నలిగిన ఉద్యోగి గొంతు. ఆ పాట మూడు శతాబ్దాలుగా బతికి ఉన్నది అందుకే.

అయితే ఆ లెక్కలోనూ రైతు పేరు లేదు. స్థలపురాణం ప్రకారం ఆ విగ్రహాలను తొలుత కనుగొని, తాటాకు పందిరి వేసి పూజించింది అడవిపల్లె స్త్రీ పోకల దమ్మక్క. చరిత్రకారులు ఆమెకు రెండు వాక్యాలిచ్చి ముందుకు సాగుతారు.

రామదాసు పాటను మనం వదులుకోనక్కరలేదు. కాని ఆయన చరిత్రను తిరిగి రాసేవాడు గోపురం ఎత్తుతోపాటు, దాని కింద పడిన శిస్తు బరువునూ కొలవాలి.