డిగ్రీల లెక్క, గంటల లెక్క

ఇంట్లో ఏల్ బీరు కాయడం ఎలాగో చెప్పే పుస్తకం ఏది తెరిచినా ఒక అంకె తప్పదు: దాదాపు 18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్. అది గది వేడి కాదు, పాత్రలో ఉన్న ద్రవం వేడి. ఈస్టు చక్కెరను తింటూ తనూ వేడి పుట్టిస్తుంది కాబట్టి లోపల గదికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. పాతిక దాటిందా, చాలా రకాల ఏల్ ఈస్టులు ఘాటైన ఆల్కహాళ్ళని వదులుతాయి. బీరు కాస్తా పెయింటు థిన్నర్ వాసన కొడుతుంది.

ఈ అంకెతో రెంటచింతల వెళ్తే ఏమవుతుంది? ఎండల వార్తల్లో తరచూ వినబడే ఊరు అది. 45 డిగ్రీలు అక్కడ వింతేం కాదు. గురజాల, మాచర్ల కూడా పెద్ద తేడా లేదు. మరి ఆ ఎండల్లోనే కదా తాటికల్లు జోరుగా దిగేది!

ఇక్కడే నాకు రెండు చరిత్రలు కనిపిస్తాయి. యూరప్‌ది డిగ్రీల చరిత్ర. ఎండాకాలం కాసిన బీరు పాడవుతోందని 1553లో బవేరియా పాలకుడు ఐదో ఆల్బ్రెక్ట్ ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాయడమే నిషేధించాడు. 1762లో లండన్‌లో మైకేల్ కూంబ్రూన్ తన పుస్తకంలో థర్మామీటరుని బీరు తయారీకి ముఖ్యమైన పనిముట్టుగా నిలబెట్టాడు. 1870లలో కార్ల్ ఫాన్ లిండె శీతలీకరణ యంత్రం మ్యూనిక్‌లోని ష్పాటెన్ బ్రూవరీకి చేరింది. అక్కణ్ణుంచి ఎండాకాలం అడ్డు కాకుండా పోయింది. మన దేశంలో మాత్రం తెల్లవాళ్ళు ముందుగా కసౌలీ, నీలగిరుల్లాంటి చల్లటి కొండలు వెతుక్కుని బ్రూవరీలు కట్టారు.

మనది గంటల చరిత్ర. తాటిగెల చివర చెక్కితే కారే నీరాలో పది శాతానికి పైగానే చక్కెర ఉంటుంది. ఈస్టు విడిగా కలపక్కర్లేదు. గాల్లోనూ, నిన్నటి కల్లు అంటుకున్న కుండలోనూ అది ఉండనే ఉంటుంది. దానికి తోడు ఆ వేడిలో హుషారుగా పనిచేసే జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా. ఏల్‌కి రోజులు పట్టే పని ఇక్కడ కొన్ని గంటల్లో అయిపోతుంది. ఒక రోజు ఆగితే పులుపెక్కి వెనిగర్ దారి పడుతుంది. చెట్టుమీది వేడిని గీతకార్మికుడు తగ్గించలేడు. అతని చేతిలో ఉన్నవి వేరే: ఏ పొద్దున గెల చెక్కాలి, ఏ పొద్దున కుండ దించాలి, కుండ కడగాలా వద్దా, లోపల సున్నం పూయాలా వద్దా. సున్నం పూస్తే క్షారం పెరిగి పులియడం ఆగుతుంది, తియ్యటి నీరా దక్కుతుంది. పూయకపోతే కల్లు. మా భాషలో చెప్పాలంటే ఇది కూడా ప్రాసెస్ కంట్రోలే, కాకపోతే అతను తిప్పిన మీట వేరు.

తేడా అంతా తర్వాత ఏమైందన్న దాంట్లో ఉంది. డిగ్రీలని లొంగదీసుకున్నవాడి సరుకు నిల్వ ఉంటుంది, సీసాకెక్కి రైలెక్కుతుంది, కంపెనీ అవుతుంది. 1915లో థామస్ లీష్‌మన్ దక్షిణాది బ్రూవరీలు ఐదింటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టగలిగాడంటే అందుకే. గంటలని మాత్రమే ఏలినవాడి సరుకు సాయంత్రానికి ఊరు దాటలేదు.

చట్టం ఆ గంటల లెక్కని కూడా చెరిపేసింది. పల్నాడు అప్పటికి కృష్ణా జిల్లాలో ఉంది. 1886 మద్రాసు అబ్కారీ చట్టం కల్లుకి ఇచ్చిన నిర్వచనంలో పులిసిన రసమూ, పులియని రసమూ ఒకటే. గీతకార్మికుడి నైపుణ్యమంతా ఆ రెంటి మధ్య గీతని పట్టుకోవడమే. సర్కారుకి కావలసింది లెక్కపెట్టి పన్ను వేయడానికి వీలైన చెట్టు. ఏ చెట్టు ఏ వేళ ఎలా పులుస్తుందన్నది ఏ ఫారంలోనూ గడి లేని సంగతి.

అలాగని కల్లుని కీర్తించేంత అమాయకత్వం నాకు లేదు. చెట్టు మీంచి జారి చచ్చినవాళ్ళున్నారు, తాగి కూలిన ఇళ్ళున్నాయి. నా బాధల్లా ఒకటే. కూంబ్రూన్ తనకి తెలిసింది పుస్తకం చేశాడు, లిండె యంత్రం చేశాడు. తాటిచెట్టెక్కినవాడికి తెలిసింది మాత్రం కులవృత్తి అనే రెండు ముక్కల్లో ఇరికించేశాం. వృత్తి అన్నాక దాన్ని జ్ఞానంగా రాసుకోవాల్సిన పని మనకి తప్పిపోయింది. ఇప్పుడు చెట్టెక్కే పిల్లలు తగ్గిపోతున్నారు. సున్నం ఎంత పూయాలో చేతికి తెలిసినవాళ్ళు ఇంకా ఉండగానే, వాళ్ళ పక్కన కూర్చుని ఎవరైనా నోటుబుక్కు తెరవాలి.