ఊక బూడిదలో దొరికిన తెలుపు

రైస్‌మిల్లు వెనక గుట్టగా పడి ఉండే ఊక బూడిదకు నెల్లూరు జిల్లాలో పెద్ద మర్యాదేమీ లేదు. గాలి వీస్తే ఆరేసిన బట్టల మీద పడుతుందని తిట్టుకోవడమే. అదే బూడిద పింగాణీ గిన్నె మీద గ్లేజుగా, అంటే గాజు పూతగా, చిక్కటి తెలుపు ఇస్తుంది.

జపాన్‌లో దీన్ని ‘నుకా’ గ్లేజు అంటారు. 16వ శతాబ్దం చివర్లో కొరియా నుంచి వెళ్లిన కుమ్మరులు కరత్సు ప్రాంతంలో గడ్డి బూడిదతో ఇలాంటి పూతలే పూశారు. దాన్ని ఆధునిక కళలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు షోజీ హమదా (1894–1978). టోక్యోలో సిరామిక్స్ చదివాడు. క్యోటో ప్రయోగశాలలో మిత్రుడు కవాయ్ కంజిరోతో కలిసి వేల గ్లేజులు పరీక్షించాడు. 1920లో ఆంగ్ల కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో ఇంగ్లండ్ వెళ్లి సెయింట్ ఐవ్స్‌లో బట్టీ కట్టాడు.

తిరిగొచ్చాక 1924లో మషికో చేరాడు. వంటింటి జాడీలు, నీళ్ల తొట్లు చేసే పల్లె అది. అక్కడి ముతక మట్టి, ఆ ఊరి రాయి నూరి చేసిన ఎర్రటి పూత, ఊక బూడిద తెలుపు అతనికి చాలాయి. ఒకినావాలో చూసిన చెరుకు మొక్కను రెండు మూడు కుంచె గీతల్లోకి దించి, దశాబ్దాలపాటు అదే బొమ్మ వేశాడు. సంతకం కూడా మానేశాడు. వేల గ్లేజులు తెలిసినవాడు గుప్పెడు మాత్రమే ఉంచుకున్నాడు. కొత్తగా చక్రం ముందు కూర్చున్నవాళ్లు ఫోన్లో కనపడ్డ రంగల్లా కొంటారు!

ఇంతకీ ఆ తెలుపు ఎలా వస్తుంది? వరి మొక్క నేలలోంచి సిలికా పీల్చి పొట్టులో దాచుకుంటుంది. ఊక కాలిస్తే బరువులో ఐదోవంతు బూడిద మిగులుతుంది, అందులో 85–95 శాతం సిలికాయే. 1250 డిగ్రీలు దాటిన వేడిలో ఫెల్‌స్పార్, కట్టె బూడిద కరిగి గాజవుతాయి. సిలికా మోతాదు పెరగడంతో ఆ గాజు ఒకటిగా కలవక కంటికి కనపడని బిందువులుగా విడిపోతుంది. వెలుతురు వాటి మీద చెదిరి, పాలు కనపడినట్టే తెల్లగా కనపడుతుంది. గిన్నె అంచున పల్చబడి మట్టి రంగు తొంగిచూస్తుంది, అడుగున చిక్కబడి ఒక్కోసారి నీలి ఛాయ తిరుగుతుంది.

ఈ సరుకంతా నెల్లూరు సీమలో ఉంది. గూడూరు, సైదాపురం అభ్రకం గనుల దగ్గర ఫెల్‌స్పార్, పలుగురాయి దొరుకుతాయి. తీరం వెంట సరుగుడు తోటలున్నాయి, కట్టె బూడిదకు కొదవ లేదు. గూడూరులో సిరామిక్ డిప్లొమా చెప్పే ప్రభుత్వ విద్యాసంస్థా ఉంది. చిక్కల్లా చెరువు మట్టితోనే. కుమ్మరి ఆవంలో 800 డిగ్రీల దగ్గర చక్కగా కాలే ఆ ఎర్రమట్టి ఇంత వేడికి ఉబ్బి కుంగిపోతుంది. గిన్నెకు ఈ వేడిని తట్టుకునే స్టోన్‌వేర్ మట్టి వాడి, చెరువు మట్టిని పల్చగా కలిపి గ్లేజు కింద పూతగా వేస్తే సరి. తెలుపు కింద గోధుమరంగు పలుకుతుంది. ఈ సీమ ముద్ర కావాలనుకునేవాళ్లు వెతకాల్సింది ఆ చెరువు మట్టి పూతలోనే అని నా అభిప్రాయం.

చేసి చూడాలనుకుంటే ఫెల్‌స్పార్ నాలుగు పాళ్లు, కట్టె బూడిద మూడు, ఊక బూడిద మూడు దగ్గర మొదలుపెట్టండి. ముందు చిన్న బిళ్లల మీద కాల్చి చూడండి. బూడిదను తడిపి నూరండి. సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, మాస్కు లేకుండా జల్లెడ పట్టొద్దు.