కొండపల్లి అంబారీ ఏనుగు

కొండపల్లి అంబారీ ఏనుగు అంటే మావటిని, అంబారీలో రాజును మోసే చిన్న రంగుల కొయ్యబొమ్మ. ఇది 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోని కొండపల్లిలో తయారవుతుంది. చేసేవారు ఆర్యక్షత్రియులు; వారి పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారని సంప్రదాయం. తేలికైన తెల్లపొణికి కర్రను సన్నసెగపై ఆరబెట్టి, భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకు ఆరాక అరగదీసి, సున్నం పూసి, మేక వెంట్రుకల కుంచెతో రంగులు వేస్తారు.

చెక్కుడే అసలు పని, రంగు పైపూత అనే అభిప్రాయం ఉంది. ఆకారం ఉలిదే అయినా, మావటి కన్ను, మీసం, ఏనుగుపై కప్పిన జూలు గుడ్డ అంచు వంటి సన్నని వివరాలు కుంచెతోనే తేలతాయి. కాబట్టి ఈ కళలో చిత్రలేఖనం సగపాలు. ఇలా తయారయ్యే కొండపల్లి బొమ్మలకు 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద గుర్తింపు ఉంది.